నేరిస్ పారీ మొదటి జెండా

మూడు వారాలుగా నేరిస్ పారీ చేతులు మార్చడం నేర్చుకుంటోంది. బడి వంటశాలలో గ్రేవీ పోసే గరిటెని జెండా అనుకుని ఎడమ చేత్తో పట్టుకుని అటూ ఇటూ పరిగెత్తడం, టక్కున ఆగడం, నడుం కిందుగా కుడి చేతికి మార్చడం, నిటారుగా పైకెత్తడం. తోటి వంటావిడ బెటీ పొట్ట పట్టుకుని నవ్వేది.

"చాల్లేవే నీ కవాతు! ఆ గరిటె ఎవరి నెత్తినో పడితే బడి మూసేస్తారు."

"నవ్వవే, నవ్వు. శనివారం మగాళ్ళ లీగులో గీత మీద నిలబడతా. అప్పుడు చూస్తా నీ మొహం."

నాలుగేళ్ళుగా నేరిస్ పన్నెండేళ్ళ లోపు పిల్లల ఫుట్‌బాల్ ఆటలకి విజిలూదుతోంది. పిల్లలతో పేచీ లేదు, వాళ్ళ అమ్మానాన్నలతోనే. ఫ్లాస్కులో టీ తెచ్చుకుని, కుర్చీలేసుకుని, ఆమెకి ఆట నేర్పిస్తారు. విని విని విసిగిపోయింది. నలభై ఆరేళ్ళ వయసులో, రెండో ప్రయత్నానికి, పరుగు పరీక్ష గట్టెక్కింది. రిఫరీల సంఘం ఒక్క మ్యాచ్ ఇచ్చింది, బ్రిన్‌గ్లాస్ ఊళ్ళో, గీత వెంట జెండా పట్టుకునే అసిస్టెంట్ రిఫరీగా. ఆ రోజు మెయిన్ రిఫరీ రాసే రిపోర్టు బాగుంటే వచ్చే సీజన్ నుంచి పెద్దల లీగు. బాగోకపోతే మళ్ళీ ఆ ఫ్లాస్కుల మధ్యకే. అంతకంటే విజిల్ని చెత్తబుట్టలో పారెయ్యడం నయమని ఆమె ఎప్పుడో తేల్చుకుంది.

ఇంటి వెనక పెరట్లో మొగుడు టెక్విన్ రోజూ సాయం చేశాడు. రెండు చెత్త డబ్బాలు డిఫెండర్లు, టెక్విన్ ఫార్వర్డ్. ఆమె కుడివైపు కోళ్ళగూడు గోలు. సూత్రం ఒక్కటే. జెండా ఎప్పుడూ రిఫరీకి కనబడే చేతిలో ఉండాలి. గోలు కుడివైపున్నప్పుడు రిఫరీ ఎడమవైపుంటాడు కాబట్టి పరుగులో జెండా ఎడమ చేతిలో. ఆఫ్‌సైడ్ ఇవ్వాలంటే ఆగి, కుడి చేతికి మార్చి ఎత్తాలి. బంతి అందించే క్షణానికి ఫార్వర్డ్ చివరి డిఫెండర్ని దాటి గోలు వైపుంటే అదే ఆఫ్‌సైడ్. రెండు వందల సార్లు చేసింది. చివరికి టెక్విన్ డబ్బా మీద కూలబడి, "మహాతల్లీ, నేను రిటైరైపోతున్నా, ఇంకో ఫార్వర్డ్‌ని చూసుకో" అన్నాడు. కానీ చెయ్యి మాత్రం నిద్రలో కూడా తప్పకుండా తిరిగింది.

శనివారం పొద్దుటి నుంచీ వాన. సంఘం పంపిన చొక్కా మగవాళ్ళది, అందులో ఇద్దరు నేరిస్‌లు పడతారు. చేతులు మడిచి, పిన్నులు పెట్టి, ముప్పావు గంట ముందే బ్రిన్‌గ్లాస్ మైదానం చేరింది. గేటు దగ్గర గొడుగు పట్టుకున్న ముసలాయన ఆమెని ఎగాదిగా చూశాడు.

"టీ కొట్టు అటు పక్కమ్మా. బన్నులు తెచ్చావా?"

"నేను రిఫరీల మనిషినండీ."

"రిఫరీ భార్యవా?"

ఒళ్ళు మండిపోయింది. బుగ్గ కొరుక్కుని, జెండా తీసి చూపించింది. ముసలాయన ఆ జెండాని చూసి, ఆమెని చూసి, ఓహో అన్నాడు. ఆ ఓహోలో చాలా ఉంది.

రిఫరీల గది ఒక్కటే. అందులో మెయిన్ రిఫరీ గ్విలిమ్, రెండో అసిస్టెంట్ ఇద్వాల్ అప్పటికే ప్యాంట్లు విప్పేసి కూర్చున్నారు. గ్విలిమ్ పాతికేళ్ళుగా ఈ లీగులో విజిలూదుతున్నవాడు, ఎత్తైన మనిషి, నవ్వు కూడా రూలు ప్రకారమే నవ్వుతాడు. ఇద్వాల్‌కి అరవై మూడు, గ్విలిమ్‌కి పాత జోడీ.

"మిసెస్ పారీ, మీకు వేరే ఏర్పాటు చేశారు" అన్నాడు గ్విలిమ్, తలుపు సందులోంచి.

ఆ ఏర్పాటు టీ కొట్టు వెనక గది. చిప్సు పెట్టెలు, తుడుపు కర్ర, బ్లీచు వాసన. గడియ లేదు. తలుపుకి వీపు ఆనించి, ఒంటికాలి మీద గెంతుతూ మేజోళ్ళు తొడుక్కుంది. మధ్యలో ఒకావిడ చక్కెర కోసం రెండుసార్లు తలుపు తోసింది. బూట్ల లేసులు కట్టుకుని, నోట్‌బుక్ జేబులో పెట్టుకుని, ఆట ముందు మెయిన్ రిఫరీ చెప్పే సూచనల కోసం పరుగున వెళ్ళేసరికి, వాళ్ళిద్దరూ బయటికి వస్తున్నారు.

"సూచనలు?" అంది.

"అయిపోయాయి" అన్నాడు గ్విలిమ్.

"నేను లేకుండానా?"

"టైమైంది. మీకేముంది, త్రో-ఇన్, ఆఫ్‌సైడ్, అంతే. మిగతాదంతా నాది. నా మ్యాచ్ మీరు నడపొద్దు."

నేరిస్ నోట్‌బుక్‌లో పదకొండు ప్రశ్నలు రాసుకొచ్చింది. పెనాల్టీ దగ్గర ఎక్కడ నిలబడాలి, కార్నరప్పుడు ఎవరిని చూడాలి, తోపులాటైతే ఎవరు వెళ్ళాలి. పదకొండూ జేబులోనే ఉండిపోయాయి. దుఃఖం కాదు, కోపమొచ్చింది. ఈ మనిషే కదా రిపోర్టు రాసేది అని గుర్తొచ్చి, ఆ కోపం మింగేసింది.

మైదానంలో అడుగుపెట్టాక అసలు పిడుగు పడింది. ఇద్వాల్ ఆమె పక్కన నడుస్తూ, చాలా మామూలుగా అన్నాడు. "ఆ కొసన గీతంతా బురదైపోయింది, చూశావా అమ్మాయ్? అందుకని ఇవాళ గ్విలిమ్ మన వైపులు మార్చాడు. నీ గోలు ఎడమవైపు."

"ఏంటీ?"

"ఎడమవైపు. నీ సగం అది. గదిలో చెప్పాడుగా."

"నేను గదిలో లేనండీ! నన్ను చిప్సు పెట్టెల్లో పడేశారు!"

"ఓ" అన్నాడు ఇద్వాల్ పాపం. "మరేం ఫర్వాలేదులే. అన్నీ తిప్పి చెయ్యడమేగా."

అన్నీ తిప్పి చెయ్యడమే! మూడు వారాల గరిటె, కోళ్ళగూడు, టెక్విన్, అంతా మట్టిపాలు. జెండా ఇప్పుడు కుడి చేతిలో పరిగెత్తాలి, ఎడమ చేత్తో ఎత్తాలి. వార్మప్‌లో నాలుగుసార్లు ప్రయత్నించింది. నాలుగుసార్లూ జెండా దానంతటదే ఎడమ చేతిలోకి వచ్చేసింది, దెయ్యం పట్టినట్టు. నాలుగోసారి బురదలో కింద పడింది. కమ్మీ వెనక నిలబడ్డ బ్రిన్‌గ్లాస్ జనం గొల్లుమన్నారు.

"గుడ్డ ఉతుక్కుంటున్నావా పిన్నీ?"

"తాడు తెచ్చిస్తాం, ఆరేసుకో!"

ఎక్కడికైనా పారిపోదామనిపించింది. ఇంటికెళ్ళి, తలుపేసుకుని, దుప్పటి కప్పుకుని. కానీ అవతల విజిల్ పడింది.

మొదటి మూడు నిమిషాల్లో, బంతి గీత దాటినప్పుడు, ఒక త్రో-ఇన్ ఇచ్చింది. అది సరిగ్గానే ఇచ్చింది. నాలుగో నిమిషంలో బ్రిన్‌గ్లాస్ వాళ్ళు మధ్య నుంచి పొడుగ్గా బంతి కొట్టారు. నేరిస్ డిఫెండర్ల వరసలో ఉంది, చూపు గీతలా సాగింది. బంతి కాలు వదిలిన క్షణాన తొమ్మిదో నంబరు వాడు చివరి డిఫెండర్ని దాటి రెండడుగులు లోపల ఉన్నాడు. ఇందులో అనుమానమేం లేదు. పట్టపగల్లా కనబడింది. ఏ చెయ్యి అని ఆలోచించింది. ఆ ఆలోచనకి ఒక క్షణం పోయింది. ఈలోపు తొమ్మిదో నంబరు బంతిని వలలోకి తన్నేశాడు. ఆమె జెండా ఎత్తేసరికి గ్విలిమ్ చెయ్యి మధ్య వలయం వైపు చూపించేసింది. గోల్! అటువైపు తిరిగి పరుగు కూడా మొదలెట్టాడు, ఆమె వైపు ఒక్క చూపైనా చూడకుండా.

ఈ పనిలో ఒక పద్ధతి ఉంది. గోలు సరైనదైతే అసిస్టెంటు మధ్య గీత వైపు పరిగెత్తాలి. తేడా ఉంటే జెండా ఎత్తి, ఉన్నచోటే కదలకుండా నిలబడాలి. ఏ రిఫరీ అయినా ఆట మళ్ళీ మొదలెట్టే ముందు ఒకసారి వెనక్కి చూసుకుంటాడు. చూడాలి. నేరిస్ నిలబడింది.

వెనక జనానికి విషయం అర్థమైంది. ఇప్పుడు నవ్వుల్లేవు, తిట్లే. "దించవే దాన్ని!" "గోలు ఇచ్చేశాడు, కళ్ళు కనబళ్ళేదా?" ఎవరో విసిరిన టీ కప్పు పిక్క మీద తగిలింది. వేడిగా లేదు, అదే అదృష్టం. పరిగెత్తితే అయిపోతుంది. పాతికడుగులు పరిగెత్తితే చాలు, రిఫరీ మాట నిలబడుతుంది, రిపోర్టు బాగుంటుంది. ఆ మాట ఆమెకి చాలా స్పష్టంగా తోచింది. తోచి, ఇంకా కోపమొచ్చింది. జెండా దించలేదు.

చివరికి ఇద్వాల్ అటు నుంచి అరిచాడు. గ్విలిమ్ వెనక్కి తిరిగాడు. బురదలో అంత దూరమూ నడిచి వచ్చాడు, పరిగెత్తలేదు. అతని వెనకే తొమ్మిదో నంబరు, ఇంకో ముగ్గురు.

"ఏంటి మిసెస్ పారీ?" అన్నాడు పళ్ళు నొక్కుకుని.

"తొమ్మిదో నంబరు ఆఫ్‌సైడ్. రెండడుగులు."

"నేను గోలిచ్చాను. ఊరంతా చూసింది."

"చూశారండీ. అయినా ఆఫ్‌సైడే."

గ్విలిమ్ గొంతు తగ్గించాడు. "సాయంత్రం మీ రిపోర్టు నేనే రాయాలి. తెలుసుగా?"

"తెలుసు. ఏం రాసినా రాసుకోండి. వాడు మాత్రం రెండడుగులు లోపలున్నాడు."

"అబద్ధం!" అని పక్క నుంచి అరిచాడు తొమ్మిదో నంబరు, ముక్కు తుడుచుకుంటూ. "రెండెక్కడివి? ఒక్క అడుగే!"

వాడి పక్కనున్న మిత్రుడు నుదురు కొట్టుకున్నాడు. గ్విలిమ్ వాడి వైపు తిరిగి, చాలాసేపు చూశాడు. తర్వాత నేరిస్ వైపు చూశాడు. విజిల్ నోట్లో పెట్టుకుని ఊది, గోలు రద్దని చెయ్యి పైకెత్తాడు.

"ఒక్కటైనా చాలు నాయనా" అంది నేరిస్, జెండా దించుతూ.