పది దగ్గర పలికిన రాయి

పెద్దల్లుడికి చిన్నల్లుడంటే ఒళ్లుమంట. ఇంట్లో తోడల్లుళ్లు, సొరంగం పనిలో ఒకే ల్యాబు. ఇక తప్పించుకునే చోటేదీ! భూమి లోపలి ఒత్తిడి కొలవడమంటే ఇన్నాళ్లూ పెద్దల్లుడే. రాతిగోడకి రంధ్రం వేసి, లోపల గేజీ అతికించేవాడు. ఈ కొత్త సొరంగంలో రాయి ఒట్టి గుల్ల. రంధ్రం వేస్తే రాలిపోతుంది, గేజీ అంటుకోదు. సరిగ్గా అప్పుడే ఊడిపడ్డాడు చిన్నల్లుడు, చప్పుడు విని కొలుస్తానంటూ.

"రాయిని ప్రెస్సులో పెట్టి నొక్కుతాం మామయ్యగారూ. భూమిలో ఎంత బరువు మోసిందో అంతదాకా కిక్కురుమనదు. అది దాటగానే లోపల చిటపటలాడుతుంది. మన చెవికి అందదు, సెన్సరుకి అందుతుంది," అని భోజనాల దగ్గర చెప్పాడు.

మామగారు తినడం మానేసి మరీ విన్నారు. గేజీల గురించి ఏనాడైనా ఒక్క ముక్క అడిగారా ఈయన? ఆ ఉక్రోషంలో పెద్దల్లుడికి చిన్నల్లుడు ఆ తర్వాత చెప్పిందేదీ బుర్రకెక్కలేదు. ఎక్కివుంటే ఇంత గొడవే లేదు.

చీఫ్ ఇంజనీరు పరీక్ష చూడ్డానికొచ్చే రోజు. పద్ధతి నచ్చిందా, కొలతలన్నీ చిన్నల్లుడి చేతికే. తవ్వి తీసినవాటిలో ముక్కలవకుండా దక్కిన రాయి ఒక్కటే. దాన్ని చిన్నల్లుడు తడి ఆరకుండా ప్లాస్టిక్ చుట్టి దాచాడు. పెద్దల్లుడు అందరికంటే ముందొచ్చి, చుట్టు విప్పి దాన్ని ప్రెస్సులో పెట్టాడు. చిటపటలన్నీ ఇప్పుడే అయిపోతే తర్వాత మూగదైపోతుందిగా, వీడి పరువు గంగలో కలుస్తుందిగా అని అతని లెక్క. పగులుతుందేమోనని మీటరు పది దగ్గర ఆపి, మళ్లీ చుట్టేశాడు.

పరీక్ష మొదలైంది. మీటరు ఆరు దాటగానే రాయి పలకాలన్నాడు చిన్నల్లుడు. ఆరు దాటింది, ఎనిమిది దాటింది. సెన్సరు తెర మీద ఒక్క చుక్కా పడలేదు. పెద్దల్లుడికి లోపల పండగ్గా ఉంది.

పది దాటగానే తెర నిండా చిటపటల చుక్కలు.

చిన్నల్లుడు మెషిను ఆపేశాడు. "ఇది భూమి లెక్క కాదండీ. అన్నిటికంటే పెద్ద బరువు ఏది మోస్తే రాయికి అదే గుర్తు. దీన్ని ఇక్కడే పది దాకా నొక్కారు."

"ఎవరు?" అన్నాడు చీఫ్.

చిన్నల్లుడి చూపు తోడల్లుడి చొక్కా చేతుల మీద పడింది. బూడిదరంగు రాతిపొడి.

"నేనేనండీ. మెషిను సరిచూస్తూ నొక్కి, మర్చిపోయాను."

"ఇంత నిర్లక్ష్యమా? ఇక చాలు. గేజీలతోనే తంటాలు పడదాం, మీరే చూసుకోండి," అని చీఫ్ పెద్దల్లుడి వైపు తిరిగాడు.

అనుకున్నదంతా అయింది. కానీ ఇవాళ కాకపోతే రేపైనా ఈ సంగతి ఇంట్లో తెలుస్తుంది. తోడల్లుడి కోసం నింద మీదేసుకున్నాడు, ఎంత పెద్ద మనసో అని మామగారు మురిసిపోతారు. ఆ పేరు కూడా వీడికేనా?

పెద్దల్లుడు పళ్లు నూరాడు.

"వాడు అబద్ధమాడుతున్నాడండీ. నొక్కింది నేను."