బాగైనంక

ఆదివారం పొద్దున్నే సూర్యాపేటలో బస్సెక్కి రజిత మిర్యాలగూడలోని అత్తగారింటికి చేరేసరికి పదవుతుంది. ఆమెను అరుగు మీదే కూర్చోబెడతారు. లోపలి నుంచి ఏడేళ్ల కూతురు చిన్ని దువ్వెన పట్టుకుని ఒక్క పరుగున వస్తుంది. రెండు జడలకు పావుగంట చాలు. రజిత గంటసేపు వేస్తుంది. మధ్యలో చిన్ని తన తల్లి ఎడమ చేతికి చెవి ఆనిస్తుంది. డయాలసిస్ కోసం డాక్టర్లు కలిపిన రక్తనాళం అక్కడ సన్నగా గుయ్యిమంటూ ఉంటుంది.

"అమ్మా, నీ చేతిల తేనెటీగ ఉన్నది!"

ఆ ఒక్క మాటను రజిత వారమంతా తలుచుకుని నవ్వుకుంటుంది. దారినపోయేవాళ్లకు ఇది ముచ్చటైన దృశ్యమే. కానీ పదకొండు కాగానే అత్త శాంతమ్మ గడపలో నిలబడుతుంది.

"ఇగ సాలు తియ్. నీ పానం బాగైనంక పిల్లను తోల్కపోదువు గాని."

తిరుగు బస్సులో పక్క సీటు ఖాళీగానే ఉంటుంది. సూర్యాపేటలోని కిరాయి గదిలో ఒక్కటే కంచం.

ఒక బుధవారం దవాఖానలో మిషన్‌కు గొట్టాలు తగిలిస్తూ నర్సు జమ్లీ అడిగింది: "పాపనెప్పుడు తెచ్చుకుంటవక్కా?"

"బాగైనంక. పంచాయితీల పెద్దమనుషులు గట్లనే కాగితం రాసిండ్రు. నేను సంతకం పెట్టిన."

జమ్లీ చేతులు ఆగిపోయాయి. "కిడ్నీలు బాగైతయని ఎవరు చెప్పిండ్రు? జరమనుకున్నరా ఏంది?"

రెండేళ్లుగా రజిత ఎదురుచూస్తున్న రోజు అసలు లేనే లేదు.

ఉచిత న్యాయసహాయం దారి జమ్లీయే చూపింది. పాపను తనకు ఇప్పించమని రజిత కేసు వేసింది. కోర్టులో భర్త నాగేందర్ తల వంచుకునే అన్నాడు: "రోగిష్టి మనిషి మేడమ్. రేపేమన్న అయితే?"

"ఆ రేపటికి ఏం చేయాలో ఇద్దరూ కలిసి ఇప్పుడే రాసుకోండి" అన్నారు జడ్జి. "అమ్మా, మిషన్ మీద ఎంతసేపుంటావు?"

"వారానికి మూడు రోజులు, నాలుగేసి గంటలు. పాప బడికి పోయే టైములనే."

"అంటే పన్నెండు గంటలు. మిగిలిన నూట యాభై ఆరు గంటలు?"

"పాప కోసం ఎదురుసూస్తుంట, మేడమ్."

పాపను విడిగా పిలిచి మాట్లాడాక, చిన్ని రజిత దగ్గరే ఉండాలని, ఆదివారాలు తండ్రి దగ్గర గడపాలని జడ్జి తీర్పు చెప్పారు.

"నాగేందర్ గారూ, రోగం ఉన్నదా అని కాదు, బిడ్డను చూసుకోగలదా అని అడగాలి. చూసుకోగల తల్లిని రోగం పేరుతో దూరం పెడితే శిక్ష పడేది బిడ్డకే."