ఎర్ర నూనె కాచిన మూకుడు

నేను ఒక ఇనుప మూకుడిని. నన్ను చూసి మొహం చిట్లించకండి. గుంటూరు శివారులో ఒక కమ్మరి పాత లారీ రేకును కొట్టి కొట్టి నన్ను తీసినప్పుడు కాస్త చూడదగ్గట్టే ఉండేదాన్ని. మనుషులే నన్ను మసి చేస్తారు, ఆ మసి చూసి మళ్లీ వాళ్లే మూతి విరుస్తారు.

పదేళ్లు ఒక బజ్జీల బండి మీద కాగాను. ఆ బండివాడు వ్యాపారం మానేసి ఊరు విడిచిపోతూ, పక్క వీధిలో ఉండే సామ్రాజ్యం అనే ఆవిడకు నన్ను ఇచ్చేశాడు. ఆవిడ నాలో ఎర్ర నూనె కాచి నూడుల్స్ బండ్లకు ఇచ్చేది. వాళ్లు దాన్ని చిల్లీ ఆయిల్ అంటారు. వేరుశనగ నూనెలో వెల్లుల్లి రేకలు, ధనియాలు, అనాసపువ్వు వేసి సన్నని సెగ మీద ఎర్రబడనిచ్చి, వాటిని తీసేసి నన్ను కిందికి దించేది. ఒక మిరపగింజ వేసి చూసేది. అది నల్లబడకుండా చిటపటమంటే కాక సరిపోయినట్టు. అప్పుడు కచ్చాపచ్చాగా దంచిన మిరపకాయలు మూడు విడతలుగా వేసేది. మొదటి విడతకు లేచే ఘాటు ఉంది చూశారూ, ఇరుగుపొరుగంతా ఆవిడను తిట్టుకునేవాళ్లు. ఆ తిట్టుకున్నవాళ్లే సాయంత్రం బండి దగ్గర నిలబడి ఇంకొంచెం ఎర్ర నూనె వెయ్యమని అడిగేవాళ్లు.

ఆవిడ భర్త కోటిలింగం ముప్పై ఏళ్లు కారం మరలో పనిచేసి ఊపిరితిత్తులు పాడుచేసుకున్నాడు. ఘాటు తగిలితే మనిషి దక్కడని డాక్టరు చెప్పాడు. ఘాటు లేకపోతే ఇల్లు గడవదు. ఉన్నదేమో ఒక్కటే గది. అందుకని నూనె కాచే ప్రతిసారీ ముందుగా సామ్రాజ్యమూ పక్కింటి మస్తానమ్మా చెరోపక్కా పట్టుకుని ఆయన మంచాన్ని సందు చివరికి మోసేవాళ్లు.

ఆ వారం ముసురు పట్టింది. మంచం బయటికి తీసే వీల్లేక మూడు రోజులు నన్ను పొయ్యి ఎక్కించలేదు. నాలుగో రోజు కోటిలింగమే అన్నాడు.

"కానియ్యవే. ముప్పై ఏళ్లు పీల్చిన ఘాటు నాకు కొత్తా? దుప్పటి ముసుగేసుకుంటాలే."

సామ్రాజ్యానికి మనసొప్పలేదు. ఉప్పూ మిరపకాయలూ గుప్పిట పట్టి ఆయనకు దిష్టి తీసి, గుమ్మం దగ్గర నిప్పుల మీద వేసింది. ఘాటు రాలేదు. ఘాటు రాలేదంటే దిష్టి అంతా కాలిపోయినట్టేనని వీళ్ల నమ్మకం. అవి పస లేని తాలు కాయలు, వాటికి ఘాటు ఎక్కణ్నుంచి వస్తుంది?

"నేను చెప్పిందాకా ముసుగు తియ్యమాక," అని ఆయన నెత్తి మీదికి దుప్పటి లాగి, నన్ను పొయ్యి ఎక్కించింది.

నూనె కాగింది. నన్ను దించింది. గింజ చిటపటమంది. భయంభయంగా మొదటి విడత వేసి మంచం వైపు చూసింది. దగ్గు లేదు. రెండో విడత వేసింది. అప్పుడూ లేదు. ఆవిడ మొహం విప్పారింది. అంతలో మస్తానమ్మ ముక్కుకు కొంగు అడ్డం పెట్టుకుని వచ్చింది.

"ఏంది వదినా, మా ఇంట్లో అందరం దగ్గి చస్తన్నాం. అన్న దగ్గటంలా?"

"అదే మస్తానమ్మా! పొద్దున దిష్టి తీశాగా, పీడ వదిలింది. ఒక్క దగ్గు లేదు చూడు," అంటూ సామ్రాజ్యం నవ్వుకుంటూ మూడో విడత కూడా వేసింది. ఆ ఇంటికి వచ్చాక ఆవిడ నవ్వడం నేను చూసింది ఆ ఒక్కసారే.

మస్తానమ్మ నవ్వలేదు. మంచం దగ్గరికి వెళ్లి దుప్పటి తీసింది. కోటిలింగం చనిపోయి ఉన్నాడు.

పెద్దకర్మ అయిపోయింది. అయినా సామ్రాజ్యం వచ్చినవాళ్లందరినీ ఒకటే అడిగేది. "నేను మిరపకాయ ఎయ్యకముందే పోయాడా, ఏసినాక పోయాడా?" ముందే పోయుంటాడులే అని అందరూ అనేవాళ్లు. అది ఓదార్పు మాటని ఆవిడకు తెలుసు. చివరికి నన్ను కళ్లెదుట ఉంచుకోలేక పాత ఇనప సామాన్లవాడి బండిలో పడేసింది.

ఇప్పుడు తుప్పు పట్టిన సైకిల్ చక్రాల కింద బోర్లా పడి ఉన్నాను. రేపో మాపో కరిగిస్తారు. దానికి నాకు దిగులు లేదు. నా దిగులంతా ఆవిడ గురించే. ఆ రోజు పొయ్యి మీద నుంచి నేను చూశాను. వెల్లుల్లి రేకలు ఎర్రబడుతుండగానే ఆ దుప్పటి కదలడం ఆగిపోయింది. అప్పటికి నాలో ఒక్క మిరపగింజ కూడా పడలేదు. ఆవిడ తప్పేమీ లేదు. ఈ మాట మీరంతా విన్నారు, ఆవిడ ఒక్కతే వినలేదు.