పాజ్ నొక్కాక

మా ఆయన ఆట ఆడితే లోకమంతా చూడాలి. అందుకని టీవీకీ గేమ్ పెట్టెకీ మధ్య ఇంకో చిన్న పెట్టె తెచ్చి పెట్టాడు. దాన్నుంచి ఒక వైరు టీవీకి, ఇంకొకటి నా కంప్యూటరుకి. టీవీలో ఆయన రాక్షసులను నరుకుతుంటే అదే బొమ్మ నా కంప్యూటరులో రికార్డవుతుంది. మధ్యలో వేసే జోకులన్నీ బల్ల మీది మైకులో పడతాయి. రికార్డింగ్ మొదలుపెట్టేదీ నేనే, ఆపేదీ నేనే, మర్నాడు కూర్చుని అక్కర్లేనివి కత్తిరించేదీ నేనే. స్టూడియోలో రోజంతా పెళ్ళి వీడియోలు కత్తిరించి వస్తానా, ఇంట్లో ఇది జీతం లేని ఉద్యోగం.

ఆటలో చచ్చిపోతే ఆయన పాజ్ నొక్కుతాడు. చేతిలోని కంట్రోలరును సోఫా మీద మెల్లగా పెడతాడు, పాపం దానికి గీత పడకూడదు. తర్వాత నా దగ్గరికి వస్తాడు. నేను దగ్గాననో, టీవీకి అడ్డమొచ్చాననో ఏదో ఒకటి ఉంటుంది. మెత్తనివాణ్ణి చూస్తే మొత్తబుద్ధి అని పెద్దలు ఊరికే అనలేదు. బెల్టుతో మొదలై మోకాలితో ముగుస్తుంది. ఒకసారి నా చిటికెన వేలు తలుపు సందులో పెట్టి తలుపు మూశాడు. పెన్సిలు విరిగినట్టు చిన్న చప్పుడైంది. అంతా అయ్యాక చేతులు కడుక్కుని వచ్చి, పాజ్ తీసి, "ఆఁ, ఎక్కడున్నాం ఫ్రెండ్స్?" అంటాడు. ఇకమీదట వాణ్ణి ఆయన అనను.

వాడికి తెలియని సంగతి ఒకటుంది. పాజ్ నొక్కితే ఆగేది ఆట ఒక్కటే. చిన్న పెట్టె ఆగదు, మైకు ఆగదు. టీవీలో బొమ్మ బిగుసుకుని ఉన్నంతసేపూ గదిలో చీమ చిటుక్కుమన్నా రికార్డవుతూనే ఉంటుంది. నేను కత్తిరించి అతికించినదే చూస్తాడు గనక, ఆటతోపాటు రికార్డింగు కూడా ఆగుతుందనుకున్నాడు. మర్నాడు నా దెబ్బలను నేనే వెతుక్కుని, అటూ ఇటూ కోసి, అతుకు కనిపించకుండా చేసేదాన్ని. పని దగ్గర మాత్రం నాకు ఎవరూ వంక పెట్టలేరు.

అన్నయ్యకు చెప్పాను. నాకు పుట్టిల్లంటే అన్నయ్య ఇల్లొక్కటే. ఆ తలుపు తెరుచుకుంటేనే నేను ప్రాణాలతో బయటపడతాను.

"మీ ఆయనకి ఆట పిచ్చి, అంతే. చెయ్యెత్తే రకం కాదే" అన్నాడు అన్నయ్య. "మొన్న ఫోన్ చేస్తే ఎంత మర్యాదగా మాట్లాడాడు. నీకు తలనొప్పని లేపలేదు కూడా. కాస్త సర్దుకుపో."

అత్త కొట్టినందుకు కాదు, తోడికోడలు నవ్వినందుకన్నట్టు, దెబ్బలకు రాని ఏడుపు ఆ మాటకు వచ్చింది. ఇంటికెళ్ళి మొన్నటి రికార్డింగ్ తీశాను. అన్నయ్య ఒక్కడి చెవిలో వినిపిస్తే ఆ చెవిలోనే దాచేస్తాడు. నలుగురిలో వినాలి.

ఆ వారమే వాడి ఆట పూర్తయింది. ఆఖరి రాక్షసుణ్ణి చంపిన వీడియో అందరూ కలిసి చూడాలని వాళ్ళమ్మనీ, మా అన్నయ్యనీ ఆదివారం మధ్యాహ్నం పిలిచాడు. "మా ఎడిటరుగారి పనితనం చూడండి" అని నా భుజం తట్టాడు. ఆ భుజం ఇంకా కమిలే ఉంది. నేను పెన్‌డ్రైవ్ టీవీకి పెట్టి, రిమోటు పిడికిట్లో పట్టుకుని కూర్చున్నాను.

రాక్షసుడు కత్తి ఎత్తాడు. బొమ్మ బిగుసుకుపోయింది. తెర మీద పాజ్ అన్న మాట. వెంటనే చెంప మీద దెబ్బ. కుర్చీ పడింది. బెల్టు. నా గొంతు.

"అది ఆటలో సౌండే" అన్నాడు వాడు నవ్వబోతూ.

"సౌండు తగ్గించమ్మా, పక్కింటివాళ్ళు వింటారు" అంది అత్తగారు. నేను పెంచాను.

టీవీలో ఫోన్ మోగింది. వాడి ఒక చెయ్యి నా జుట్టులో, బెల్టు రెండో చేతిలో, మోకాలు నా నోటి మీద ఉన్నాయి కాబట్టి స్పీకరు పెట్టి మాట్లాడాడు. "చెప్పండి బావగారూ. లేదండీ, తలనొప్పని పడుకుంది. లేపమంటారా?"

"వద్దులెండి, పడుకోనివ్వండి" అంది అన్నయ్య గొంతు. "గారాబంగా పెరిగింది, మీరే ఓపిక పట్టాలి."

మూసిన నోట్లోంచి నా మూలుగు వినిపిస్తూనే ఉంది. అన్నయ్య తేలు కుట్టిన దొంగలా కూర్చుండిపోయాడు.

వాడు కంట్రోలరును టీవీ మీదికి విసిరాడు. తెర పగిలి నల్లబడింది గానీ చప్పుడు ఆగలేదు. చీకటి తెరలోంచి బెల్టు దెబ్బలు వినిపిస్తూనే ఉన్నాయి. రిమోటు కోసం నా మీద పడ్డాడు. నేను వదల్లేదు. గొంతు పట్టుకుని నా తలను గోడకేసి కొట్టాడు, అందరి ముందే, అలవాటైన చెయ్యి కదా. కంట్లోకి నెత్తురు కారింది.

అప్పుడు లేచాడు అన్నయ్య. గేమ్ పెట్టెను వైర్లతో సహా పీకి వాడి మొహాన కొట్టాడు. పళ్ళు రాలాయి. కింద పడ్డవాణ్ణి మళ్ళీ కొట్టాడు. "ఆపండి బావగారూ" అని వాడు ఏడుస్తున్నా కొట్టాడు. ముక్కు ఎక్కడుందో తెలియకుండా అయ్యాక, అత్తగారు వాడి మీద అడ్డంపడితే ఆగాడు. నాకు జాలి కలగలేదు. కలిగిందని అబద్ధమెందుకు చెప్పాలి?

మెట్లు దిగుతుంటే నా సంచీ అన్నయ్య చేతిలో ఉంది. ఆఖరి మెట్టు మీద ఆగిపోయాడు.

"ఆ ఫోన్ చేసినప్పుడు నేను భోంచేస్తున్నానే" అన్నాడు.

"తెలుసు అన్నయ్యా. నీ కంచం చప్పుడు కూడా రికార్డయింది" అన్నాను.