పావుగంట

లౌటన్ చౌధరీ తన తాళాన్ని స్విచ్ పిడికి వేసి లాగి చూశాడు. ఇంకోసారి లాగాడు. తాళంచెవిని మెడలోని నల్లతాడుకు ముడేసి చొక్కాలోకి జారవిడిచాడు. కరెంటు తీగ బాగుచేయడానికి ఎక్కేవాడు తన తాళం తానే వేయాలి, దిగాక తానే తీయాలి. తాళం ఉందంటే మనిషి పైన ఉన్నట్టే.

కానీ ఆ తీగకు రెండు కొసలు. ఒకటి ఇక్కడ, నేపాల్లో. రెండోది సరిహద్దు అవతల, ఇండియాలో. అక్కడ అతని తాళం లేదు. ఫోన్లో ఒక గొంతు "ఆపేశాం" అంటుంది, అంతే.

"పదింటికి ఆపుతారట," అంది కంట్రోల్ రూమ్ కిటికీలోంచి బిస్నా.

"ఎవరి పదింటికి?"

"మళ్లీ మొదలెట్టావా అన్నా? వాళ్ల పదింటికే. మనకి పదింబావు. నీ పెళ్లికైనా ఇంత ముహూర్తం చూసుకున్నావా?"

"చూసుకోలేదు. అందుకే మీ వదిన దొరికింది."

ఆమె నవ్వింది. అతను నవ్వలేదు. నేపాల్ గడియారం పావుగంట ముందు నడుస్తుంది. ఒకప్పుడు తోటి పనివాడు ఫిరూ ఇక్కడి గోడ గడియారంలో పదయిందని ఎక్కాడు. అవతల ఇంకా కాలేదు, తీగలో కరెంటు ఉంది.

పదింబావు దాటాక, అవతలి గొంతు విన్నాక, కర్రతో తీగను పరీక్షించి, భూమికి గొలుసు కలిపాకే లౌటన్ ఎక్కాడు. అయినా పైన తీగను పట్టి ఉంచే పగిలిన పింగాణీ గిన్నెను విప్పుతుంటే ఆ చెయ్యి మనసులో కనబడింది. ఎన్నడూ చూడని చెయ్యి. అవతల ఎవడో ఆవలిస్తూ, ఏమరుపాటున, పిడి మీదికి చాస్తున్నాడు. లౌటన్ దవడ బిగుసుకుంది. ఎడమ భుజం లాగింది. ఒళ్లంతా చెమట. భయమే అనుకున్నాడు. ఇన్నేళ్లుగా తనతో పాటే ఎక్కి దిగుతున్న భయం.

కొత్త గిన్నె బిగించి దిగాడు. గొలుసు తీశారు.

"అన్నా, తాళం తియ్యి. వాళ్లు అడుగుతున్నారు."

"ఉండమ్మా. ఊపిరి తీసుకోనీ."

బల్ల మీద కూర్చుని డబ్బా తెరిచాడు. బియ్యప్పిండి ఢిక్రీ ఒకటి తుంచాడు. బిస్నా మళ్లీ వచ్చేసరికి అతని తల గోడకు ఆనుకుని ఉంది. తుంచిన ముక్క వేళ్ల మధ్యే ఉంది, ఊపిరి మాత్రం లేదు.

జీపులో తీసుకుపోయారు. తాళంచెవి అతని మెడలోనే వెళ్లింది.

చీకటి పడుతుండగా అవతల నుంచి మళ్లీ ఫోన్ మోగింది. ఇంకా ఎందుకు ఆలస్యమని. తాళం కోయడానికి కట్టర్ పట్టుకొచ్చినవాడు పిడి దాకా వెళ్లి, కట్టర్ని కింద పెట్టి నిలబడిపోయాడు. బిస్నా ఫోన్ అందుకుంది.

"మావైపు మనిషి ఇంకా దిగలేదు," అంది.

పిడికి తాళం వేలాడుతూ ఉంది. లాగి లాగి చూసిన చోట దాని ఇత్తడి నున్నగా మెరుస్తోంది.