సోమవారం మబ్బు

తన సోలార్ ప్లాంటులో నాలుగేళ్లుగా ఒక్క యూనిట్ కూడా తగ్గలేదని ఆపరేటర్ టీకొట్టు బల్ల మీద చెయ్యేసి ప్రమాణం చేస్తుండగానే ఫోన్ మోగింది. పెద్దాఫీసు ఇంజనీరమ్మ.

"ఏమయ్యా, ప్రతి సోమవారం పదింటికి మూడో వరసలో కరెంటు పడిపోతోందేంటి?"

"మబ్బండి," అన్నాడు టక్కున.

"మూడో వరస ఒక్కదాని మీదేనా?"

"చిన్న మబ్బండి."

అబద్ధం చెప్పినా అతికినట్టుండాలంటారు. ఇతను అతికించి, పైన సిమెంటు కూడా పూశాడు. ఆ మధ్యాహ్నమే లాగ్‌బుక్ ముందేసుకుని, కారణం రాసే గడిలో నలభై సోమవారాలకూ ఒకే పెన్నుతో 'మబ్బు' అని రాశాడు. ఎండాకాలం వారాలకు మాత్రం న్యాయంగా ఉంటుందని 'పలచటి మబ్బు' అన్నాడు.

అసలు మబ్బు అతని వదిన. అంటే పెళ్లాం అక్క. లాడ్జీ దుప్పట్లు ఉతికే లాండ్రీ ఆవిడది. ఎండకు కాగిన ప్యానెల్ మీద తడిదుప్పటి పరిస్తే పావుగంటలో ఇస్త్రీ చేసినట్టు లేస్తుందని ఓసారి కనిపెట్టింది. అప్పుడు ఒక్క దుప్పటి. ఇప్పుడు పన్నెండు. వద్దని చెబుదామని అతను వెళ్లిన ప్రతిసారీ క్లిప్పుల బుట్ట మోసి తిరిగొచ్చాడు. వదినకు కాదని చెప్పగల మగాడు ఆ ఇంట్లో ఇంకా పుట్టలేదు మరి.

సోమవారం ఇంజనీరమ్మ స్వయంగా దిగింది. అతని ఉద్యోగం పర్మనెంట్ చేసే కాగితం ఆవిడ బ్యాగులోనే ఉంది.

"ఆ మబ్బేదో తేలిపోతే సంతకం పెట్టేస్తా," అంది.

అతను నిశ్చింతగా కుర్చీ వేశాడు. ఈ ఒక్క వారం రావద్దని ముందురోజే వదిన కాళ్లావేళ్లా పడ్డాడు. "సరేలే మరిదీ," అంది కూడా.

బయట ఆకాశం తోమిన పళ్లెంలా ఉంది. గడియారం పది కొట్టింది. కంప్యూటర్ తెర మీద మూడో వరసలో ఒక గడి నల్లబడింది. పక్కనే ఇంకోటి. తర్వాత ఇంకోటి.

"నీ మబ్బు నలుచదరంగా ఉందేంటయ్యా?"

"ఇటువైపు మబ్బులు పద్ధతిగా ఉంటాయండి."

"ఆకాశంలో కనపడదే?"

"బాగా కిందనుంచి వెళ్తుందండి."

ఆవిడ గొడుగు తీసుకుని లేచింది. అతను వెనకాలే నడిచాడు. మూడో వరస దగ్గర మబ్బు నీలం అంచుతో, మూల మీద లాడ్జీ ముద్రతో పరుచుకుని ఉంది. దాని చివర వదిన నోట్లో రెండు క్లిప్పులు పట్టుకుని నిలబడింది.

"రావద్దన్నావని వెనక గేటునుంచి వచ్చాను మరిదీ," అంది క్లిప్పులు తీసి. "ఈవిడెవరు, కొత్తగా పెట్టుకున్నావా? ఆ కొస పట్టుకోమను, నలిగిపోతోంది."

ఇంజనీరమ్మ గొడుగు చంకలో పెట్టుకుని, దుప్పటి కొస పట్టుకుని, తల తిప్పి అతని వైపు చూసింది.

"మబ్బు కాదండి," అన్నాడతను నేల చూస్తూ. "నలభై వారాలూ దుప్పట్లేనండి. పుస్తకంలో రాసిందంతా ఒక్క మధ్యాహ్నం కూర్చుని రాశానండి."

ఆవిడ ఇంకా చూస్తూనే ఉంది.

"ఈ చొక్కా కూడా ఇక్కడ ఆరిందేనండి. నాలుగో వరసలో."