దేవి చించని పేజీ

చేపలు కావు, కోర్టు వరండాలో చేపలెక్కడివి, ఎవరి సంచిలోనో ఏదో పాతబడిన వాసన, అయినా నా ముక్కు వెంటనే పిరిడిన్ అనుకుంది, కుళ్ళిన చేపల వాసన కొట్టే ఆ మందుతోనే ముప్పై నాలుగేళ్లు పడుకుని లేచాను, దేవి చీరల్లో, జడలో, పిసికిన రొట్టెపిండిలో కూడా అదే, ఏం వాసనే తల్లీ అంటే కెమిస్ట్‌ను చేసుకుని మల్లెపూల వాసన కావాల్నా సారుకు అనేది, ఇప్పుడు ఈ గోడకు ఆనుకుని కూర్చుంటే నాకు కావలసింది ఆ వాసన, దాని తర్వాత కావలసింది ధర్మా తల పగలడం, నా బామ్మర్ది ధర్మా, దేవికి ఒక్కగానొక్క తమ్ముడు, ఎదురుగా వేపచెట్టు నీడలో ఇద్దరు పోలీసుల మధ్య బేడీలతో నిలబడ్డవాడు, వాడి జుట్టు పట్టుకుని ఆ రాతి మెట్టుకేసి కొట్టాలి, ఒక్కసారి కాదు, నా చెయ్యి నొప్పి పుట్టేదాకా, చీమను చూస్తే పక్కకు జరిగి నడుస్తాడు మోతీరాం సార్ అని కాలేజీలో నవ్వుకునేవారు, లైబ్రరీలో పుస్తకాల పురుగును కూడా కాగితం మీదికెక్కించి కిటికీ బయట వదిలినవాణ్ణి, ఆ చేతులే ఏడాదిగా రోజూ పొద్దున్నే ఒక మనిషిని చంపి ఆ తర్వాతే మొహం కడుక్కుంటున్నాయి, ఇంకో గంటలో నన్ను లోపలికి పిలుస్తారు, మీరు చూసింది చెప్పండి సార్, చాలు, అంది సర్కారు వకీలు సంజన, చూసినవాణ్ణి నేనొక్కణ్ణే, నా మాట మీద వాడికి పదేళ్లు, చొక్కా జేబులో నాలుగు మడతల కాగితం గుండెకు గుచ్చుకుంటోంది, దాని సంగతి సంజనకు తెలియదు, ఎవరికీ తెలియదు.

ఆ కాగితం దేవి నోటు పుస్తకంలోది, చింపింది నేను, జీవితంలో ఒక్క పేజీ చించని మనిషి ఆఖరి పేజీని చింపాను, ఆమె తప్పు రాస్తే రబ్బరుతో చెరిపేది కాదు, కొట్టి కొట్టి నల్లగా పూసేది కాదు, కింద రాసింది చదవగలిగేలా ఒక్క గీత గీసి పక్కన సంతకం, తేదీ, అంతే, కిరాణా చిట్టీలో చింతపండు వద్దనుకున్నా ఒక్క గీత, సంతకం, నేను పగలబడి నవ్వితే నవ్వకు, నా తప్పు ఎట్లుండెనో రేపు ఒకడు చూడాలె, లేకుంటే వాడూ గదే చేస్తడు అంది, నస్రుల్లాబాద్ పక్క తండాలో పుట్టిన పిల్ల, హాస్టల్లో ఉండి ఎమ్మెస్సీ చదువుతుంటే వాళ్ల బాపు చచ్చిపోయాడు, కాలు విరిగి మంచంలో పడి కల్లు దుకాణానికి పోలేక మూడో రోజు పిచ్చెత్తి, మంచానికి తాళ్లతో కట్టేస్తే మంచంపట్టె విరగ్గొట్టి, నాలుక కొరుక్కుని, తాడు వదులు చేయబోయిన తల్లి మణికట్టులో పళ్లు ఎముకదాకా దింపి, అందరూ కల్లు చంపింది అన్నారు, దేవి ఒకటే అడిగింది, కల్లుల ఏం కలిపిండ్రు, ఆ ఒక్క ప్రశ్నకు హైదరాబాద్‌లో సర్కారు ప్రయోగశాలలో ఇరవై ఎనిమిదేళ్లు, ఈతచెట్లు పది కూడా లేని ఊళ్లో రోజుకు వెయ్యి సీసాల కల్లు ఎక్కడిది, నీళ్లు, సాక్రిన్, మత్తుకు క్లోరల్ పొడి, ఆమె రిపోర్టులు రాసేది, పైవాళ్లు బీరువాలో పెట్టేవారు, రిటైరయ్యాక బాన్సువాడ వచ్చి మా వెనక గదినే ల్యాబు చేసుకుంది, కరెంటు లేకున్నా తండాలో ఎవరైనా చేయగలిగే పరీక్ష ఒక రేకు డబ్బాలో పట్టించింది, గాజుగొట్టంలో కల్లు, ఒళ్లు కాల్చే కాస్టిక్ సోడా, పిరిడిన్, థర్మాస్ లోని వేడినీళ్లలో రెండు నిమిషాలు, క్లోరల్ ఉంటే పైన ఎర్రగా తేలుతుంది, నెత్తురంత ఎరుపు, మొదటిసారి ఆ డబ్బాతో ఎరుపు తేలిన రోజు ఆమె వంటగదిలోకి పరిగెత్తుకొచ్చి నా వేలు పట్టుకుని లాక్కెళ్లింది, అరవై ఏళ్ల మనిషి, పెళ్లిచూపులప్పుడు కూడా అంత సిగ్గుపడలేదు.

ఆ ఎరుపే చంపింది, పోయినేడు తీజ్ పండగ అయిన వారానికి తన తండా మొత్తాన్ని గురువు సేవాలాల్ జెండా దగ్గర కూర్చోబెట్టి చూపించింది, చూసినవాళ్లు చూసినట్టే లేచారు, ఇగ తాగం అన్నారు, జెండా కర్ర పట్టుకుని ఒక్కొక్కరు ఒట్టు, ఆడవాళ్లు, ముసలివాళ్లు, తండాలో అందరికన్నా ఎక్కువ తాగే భద్రు అయితే ఇంట్లో దాచిన సీసాలన్నీ తెచ్చి బండకేసి కొట్టాడు, గాజు పెంకులు, కల్లు వాసన, ఈలలు, డప్పు, దుకాణం నడిపే ముస్తేదారు ఆ రోజు మొహం చూపించలేదు, ఒక్కసారే బంద్ చేస్తే ఏమన్నా అయితదా అని నేనే అడిగాను, సీసా సంగతి నాకు తెలుసు, రెండ్రోజులు తలనొస్తది, విషం పోయినంక మనిషి బాగైతడు అంది, ముప్పై ఏళ్లు సీసాను చూసిన మనిషి, తాగేవాణ్ణి చూడలేదు, నేనూ చూడలేదు, మూడో రోజు పొద్దున తండా నుంచి ఫోన్లు, భద్రు తన చెయ్యి తనే కొరుక్కుంటున్నాడు, ఒకామె గోడకు తల బాదుకుని కన్ను పోగొట్టుకుంది, పదిమందిని మంచాలకు కట్టారు, భద్రు మధ్యాహ్నానికి పోయాడు, ఇంకా ఇద్దరు, దేవి అప్పటికే డాక్టర్లకు ఫోన్లు చేసి చేసి గాజుగొట్టాల ముందు కూర్చుంది, ఏదో పొరపాటు, ఇంకేదో కలిపారు, మళ్లీ చూస్తా అని, నేను రెండు కప్పుల టీ పట్టుకుని గుమ్మంలో ఉన్నాను, ధర్మా, వాడూ ఆ జెండా కర్ర పట్టుకుని ఒట్టు పెట్టినవాడే, తండా నుంచి వచ్చి నన్ను తోసుకుని లోపలికి దూరాడు, బాయీ, అక్కను వాడు పిలిచేది అట్లాగే, నా ఒంటి మీది చీమలు తీసెయ్ బాయీ, చెమట, చొక్కా లేదు, చేతులు కోడి రెక్కల్లా కొట్టుకుంటున్నాయి, ఆమె లేచి రారా తమ్ముడా కూసో అంటోంది, వాడు గొట్టంలో ఎరుపు చూశాడు, గది నా నెత్తురా, నా నెత్తురు తాగుతున్నవా అని ఇనుప స్టాండు లాగాడు, గాజులన్నీ పడ్డాయి, మొదటి దెబ్బ చెవి మీద, నేను కప్పులు వదల్లేదు, రెండో దెబ్బ వెనక, పుచ్చకాయ జారిపడిన చప్పుడు, సోడా చిమ్మి ఆమె మోచేతి మీద చర్మం తెల్లగా ఉడుకుతోంది, నేనింకా కప్పులు పట్టుకునే ఉన్నాను, ఒక్క చుక్క ఒలకలేదు, అదే నన్ను చంపుతోంది, ఒక్క చుక్క ఒలకలేదు.

తర్వాత వాడు మూలన కూలబడి ఒంటి మీద లేని చీమల్ని ఏరుకున్నాడు, దేవి నేల మీద, తల కింద నా తువాలు, బుక్ ఇయ్యి అంది, దవాఖాన అన్నాను, ఫోన్ చేశాను, బండి వస్తోంది అన్నాను, బుక్ ఇయ్యి మోతీ, ఇచ్చాను, పెన్ను పట్టుకోలేకపోతే వేళ్ల చుట్టూ నా వేళ్లు వేశాను, మూడు రోజుల కింద ఆమె రాసుకున్న వాక్యం మీద, కల్లు వెంటనే పూర్తిగా ఆపాలి అన్న వాక్యం మీద, ఒక్క గీత, వంకరగా, కానీ కింద మాట కనబడేలా, సంతకం, తేదీ, ఆ కింద, నా తప్పు. ఒక్కసారే ఆపొద్దు. డాక్టర్ చేతి మీద కొద్దికొద్దిగా, చేతులు నిలిచేదాకా. బాపు కూడా మూడో రోజే. అంతే, ఆ ఆఖరి మాట రాసి నన్ను చూసింది, నలభై ఏళ్ల ప్రశ్నకు జవాబు దొరికిన మొహం, సీసాలో వెతికింది మంచంలో దొరికింది, బండి మా గల్లీ మలుపు తిరగకముందే పోయింది, ఎస్సై వచ్చేలోపు ఆ పేజీ చింపేశాను, భద్రును చంపింది నీ పెళ్లామే అంటారని, పేపర్లో రాస్తారని, ముస్తేదారు మిఠాయి పంచుతాడని, ఆమె పేరు కోసమే చింపానని ఏడాదిగా చెప్పుకుంటున్నాను, నాకు నేను.

సార్, నమస్తే సార్, ఎవరు, బిచ్కుంద వైపు తండా నుంచి లక్‌పతి అట, చేతిలో ఇన్విటేషన్ కార్డు, దాని మీద దేవి ఫోటో, ఆయితారం మా తండాల ఒట్టు పెడుతున్నం సార్, మేడం పేరు మీద, జెండా కాడ అందరం ఒక్కపాలి సీసాలు పలగ్గొడతం, మీరు ముఖ్య అతిథిగ రావాలె, ఎంతమంది అన్నాను, రెండు వందల పైన సార్, ముసలోళ్లు గూడ ఒప్పుకున్నరు, మీ దిక్కు ముగ్గుర్ని గా కల్తీ కల్లే మింగిందట గద, మేడం చెప్పినట్టే ఒక్క దెబ్బకు బంద్, నేను కార్డు చూస్తున్నాను, ఫోటోలో దేవి కొంచెం కోపంగా ఉంది, ఫోటోగ్రాఫర్ నవ్వమన్నందుకు, రెండు వందల మంది, ఆదివారం ఒట్టు, మూడో రోజు బుధవారం, మంచాలు, తాళ్లు, జేబులో కాగితం, అవునో కాదో అనకముందే పక్కన ఇంకో నీడ, సోనాబాయి, ధర్మా భార్య, దగ్గరికి రాదు, స్తంభం పక్క నుంచే, అన్నా, వాణ్ణి ఇడిసిపెట్టమని నిన్ను అడుగుత లేను, చేసిండు, గది నాకెరుక, గని వాడు గప్పుడు వాడు కాదన్నా, గీ ఒక్క మాట జెప్పు జడ్జి సారుకు, నువ్వు జెప్తే ఇంటరు, మేం జెప్తే తాగుబోతుల మాటంటరు, నేను మొహం తిప్పుకున్నాను, ఆమె మెడ కూడా నొక్కాలనిపించింది, ఏం పాపం చేసిందని, వాడి బిడ్డలకు అన్నం పెడుతోందనా.

తిప్పుకున్న మొహం చెట్టు కిందికే పోయింది, పోలీసాయన కాగితపు కప్పుల్లో టీ తెచ్చాడు, ధర్మాకు ఒక చేతి బేడీ విప్పాడు, పట్టు, నిండుగుంది, కాలుతది, మెల్లగ అన్నాడు, నేను ముందుకు వంగాను, ఒలికిపోవాలి, వాడి తొడ మీద కాలాలి అని, ధర్మా కప్పు అందుకున్నాడు, అంచుదాకా ఉంది, నోటిదాకా ఎత్తాడు, ఒక్క చుక్క ఒలకలేదు, మళ్లీ దించాడు, ఒలకలేదు, ఆ చెయ్యి నిలిచి ఉంది, బల్ల మీద పెట్టిన తూకపు రాయిలా నిలిచి ఉంది, జైలు డాక్టరు గోలీలిచ్చి నెలనెలా తగ్గిస్తుండు అని సోనాబాయి ఎప్పుడో ఎవరితోనో అంటే విని చెవులు మూసుకున్నాను, చేతులు నిలిచేదాకా, ఎవరు రాశారది, వంకర అక్షరాల్లో, నా వేళ్లు పట్టుకుని, ఆమె ఆఖరి ప్రయోగం ఆమె లేకుండానే పూర్తయి టీ తాగుతోంది, ఫలితం నా కళ్ల ముందుంది, రాసిన పేజీ నా జేబులో ఉంది, రెండూ కలవకుండా ఏడాదిగా అడ్డం నిలబడింది నేను, ఆమె పేరు కోసం కాదు, ఆ పేజీ బయటపడితే వాడు రోగి అవుతాడని, వాణ్ణి నేను చంపుకోలేనని, ఆ ఇనుప స్టాండు వాడి చేతిలోంచి పడిన క్షణం నుంచి నా చేతిలోనే ఉంది, ఆయితారం నాడు రెండు వందల తలల మీద ఎత్తబోతున్నదీ నేనే.

లక్‌పతీ, ఆయితారం ఒట్టు వద్దు అన్నాను, సార్, కార్డులు పంచేసినం సార్, వద్దు బిడ్డా, ముందు డాక్టర్ను పిలుచుకో, నేనూ వస్తా, మేడం చెప్పింది ఇది కాదు, మేడం కొట్టేసింది, ఇదిగో చూడు, మడతలు విప్పాను, నెత్తురు మరక తేనెరంగుకు వచ్చింది, చింపిన అంచు రంపంలా ఉంది, గీత మాత్రం సన్నగా, కింద మాట కనబడుతూ, ఆమె ఎవరినీ చెరిపేయదు, భద్రును కాదు, తమ్ముణ్ణి కాదు, తనను తాను కూడా కాదు, బంట్రోతు పిలుస్తున్నాడు, మోతీరాం, మోతీరాం, మోతీరాం, పేజీ ఎవరు చింపారు అని అడుగుతారు, నేనే అని చెప్పాలి, దాని పక్కన నా సంతకం, ఇవాళ్టి తేదీ.